గొంతు ముందా, హల్లు ముందా?

మాట పక్షం: నాటకంలో వేషం కట్టాలనో, రేడియోలో వార్తలు చదవాలనో వచ్చే కుర్రవాళ్ళు ముందుగా చెప్పే మాట ఒకటే: "నా గొంతులో పస లేదండీ." చదివించి చూస్తే గొంతుకు ఏ లోటూ ఉండదు. 'చెప్పాడు'లో పకారం మీద నిలవరు, 'పెద్ద'ను 'పెద'గా జార్చేస్తారు, వాక్యం చివరి 'డు', 'ను' నోట్లోనే ఉండిపోతాయి. ఆ హల్లులు కుదురుకున్నాక అదే మనిషిని విని "గొంతు భలే గంభీరంగా ఉందే" అంటారు. అందుకే మాటకు శిక్షణ హల్లుతో మొదలవ్వాలని పట్టుబడతాను. గొంతు గుణంలో హల్లుల వాటా మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ.

గొంతు పక్షం: వినేవాళ్ళకు అలా తోచడం నిజమే మాస్టారూ. కానీ ధ్వని పుట్టేచోటు ఒకటి, దానికి రూపం వచ్చేచోటు ఇంకొకటి. ఊపిరితిత్తుల గాలికి స్వరపేటికలోని రెండు స్వరతంత్రులు కంపిస్తాయి. మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు దాదాపు 100 నుంచి 125 సార్లు, ఆడవారిలో 200 పైచిలుకు. ఆ ధ్వనిని పైనున్న గొంతు, నోరు, ముక్కు వడగట్టి అక్షరంగా చేస్తాయి. స్వీడన్ శాస్త్రవేత్త గున్నర్ ఫాంట్ 1960లో అచ్చయిన పుస్తకంలో ఈ రెంటినీ విడదీసి లెక్కలతో చూపించాడు. బొంగురు, జీర, గాలి కలిసిన గొంతు, బిగిసిన గొంతు, ఇవన్నీ ఆ తంత్రుల దగ్గర పుట్టేవి. స్వరతంత్రుల మీద బుడిపెలు వచ్చిన టీచరమ్మచేత ఎన్నిసార్లు 'కచటతప' అనిపించినా ఆ బుడిపెలు కరగవు.

మాట పక్షం: బుడిపెలు కరుగుతాయని నేననను. కానీ పుట్టేచోటుకూ రూపం వచ్చేచోటుకూ మధ్య మీరు గోడ కడుతున్నారు. గాలికి ఆ గోడ లేదు. మామూలు మాటలో స్వరతంత్రుల కింద గాలి ఒత్తిడి 5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి మట్టంతో సమానం అంటారు మీవాళ్ళే. తంత్రులు కంపించాలంటే కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ ఉండాలి. పెదవులు మూసి 'బ' అనబోతే నోట్లో గాలి నిండుతుంది, పైన ఒత్తిడి పెరుగుతుంది, కంపనం ఆగిపోబోతుంది. అది ఆగకూడదంటే బుగ్గలు కాస్త వదులవ్వాలి, స్వరపేటిక కిందికి దిగాలి. 'గ'కు ఆ వెసులుబాటు ఇంకా తక్కువ. నాలుక వెనకభాగం అంగిలికి తగిలిన చోటుకూ స్వరతంత్రులకూ మధ్య ఖాళీ బాగా చిన్నది. బ, ద ఉండి గ లేని భాషలు కనబడటానికి కారణం ఇదే. థాయ్‌లో గ లేదు, డచ్ సొంత మాటల్లో లేదు. మనమేమో దాన్ని 'అగ్గి', 'ముగ్గు', 'సిగ్గు' అంటూ రెట్టించి మరీ పలుకుతాం. అలా రెట్టించిన ప్రతిసారీ స్వరపేటిక సర్దుకోవాల్సిందే. ఇంక పైది కిందిదాన్ని తాకదని ఎలా అంటారు?

గొంతు పక్షం: తాకుతుంది, ఒప్పుకున్నాను. నాదం లేని హల్లుల పక్కనున్న అచ్చు శ్రుతి కాస్త ఎత్తుగా, నాదం ఉన్న హల్లుల పక్కనున్న అచ్చు శ్రుతి కాస్త దిగువగా ఉంటుందని ఇంగ్లీషు మీద హౌస్, ఫెయిర్‌బ్యాంక్స్ 1953లోనే కొలిచారు. మన పరుషాలకూ సరళాలకూ అలాంటి తేడా ఉంటుంది. కానీ ఆ తాకిడి ఎంతసేపు? దాదాపు సెకనులో పదోవంతు. తర్వాత అచ్చు తన దారి తాను పడుతుంది. నేను చూసే రోగి పొద్దున్న లేచి పాలవాడితో మాట్లాడినా, రాత్రి మనవడికి కథ చెప్పినా అదే బొంగురు. రోజంతా వెంట ఉండే గుణానికి, క్షణంలో వచ్చిపోయే దానిని కారణంగా ఎలా చూపిస్తారు?

మాట పక్షం: మాటలో క్షణానికి మించిన పొడవు దేనికుంది చెప్పండి. మామూలుగా మాట్లాడేటప్పుడు సెకనుకు పదికి పైగా ధ్వనులు దొర్లిపోతాయి. ఒక్కో అక్షరానికి దక్కేది సెకనులో ఐదోవంతు అనుకుంటే, మీరు చెప్పిన పదోవంతు అందులో సగం! ఒక హల్లు నీడ తొలగేలోపు ఇంకో హల్లు వచ్చి పడుతుంది. హల్లు తాకని గొంతు ఎక్కడుంది? 'ఆ...' అని సాగదీయమని మీరు పరీక్ష చేసేటప్పుడు తప్ప.

ఇంకొకటి చూడండి. కంఠం మూసుకుంటే నాదం, తెరుచుకుంటే శ్వాసం, ఈ రెంటికీ నడుమ ఉంటే హకారం అని వేదోచ్చారణ గ్రంథమైన తైత్తిరీయ ప్రాతిశాఖ్యం లెక్కగట్టింది. ఆ నడిమి స్థితి హకారానికే కాక ఘ, ఝ, ఢ, ధ, భలకు కూడా ఉందని చెప్పింది. ఇవాళ్టి ధ్వనిశాస్త్రం అనేదీ అదే. 'భ' పలికేటప్పుడు స్వరతంత్రులు పూర్తిగా మూసుకోకుండా కంపిస్తాయి, గాలి జారుతుంది, పక్కనున్న అచ్చు మొదట్లో కూడా ఆ గాలి వినబడుతుంది. అంటే మీ స్వరపేటిక ఎలా కంపించాలో నిర్ణయించింది హల్లు. పంజాబీలో ఈ హల్లులు చాలా చోట్ల పోయాయి. పోతూ పోతూ గొంతులో జాడ వదిలాయి. 'ఘోడా' అనే మాటను వాళ్ళిప్పుడు 'కోడా'కు దగ్గరగా, దిగువ శ్రుతిలో పలుకుతారు. వియత్నామీస్‌లో శ్రుతిభేదాలు రాలిపోయిన హల్లుల వల్ల ఏర్పడ్డాయని ఫ్రెంచి పండితుడు ఓద్రికూర్ 1954లో నిరూపించాడు. హల్లు చచ్చిపోయి కూడా గొంతును శాసిస్తోందండీ!

గొంతు పక్షం: పంజాబీ సంగతి నాకూ ఇష్టమైనదే. కానీ అది తరతరాలుగా ఒక జాతి మొత్తం నోట జరిగిన మార్పు. నా ఎదురుగా కూర్చునేది ఒక్క మనిషి. అతనికి ఉన్నది ఒక్క జన్మ, ఒక్క జత స్వరతంత్రులు.

ఎలాగూ మీరు ఒత్తుల దాకా వచ్చారు కాబట్టి అడుగుతున్నాను. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు లేవు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లోనూ ఇంట్లో, సంతలో, పొలంలో చాలామంది 'భాష'ను 'బాస'కు దగ్గరగానే పలుకుతారు. అలాంటి ఇంటి పిల్లవాడిని నిలబెట్టి 'భ' అనమంటే ఏం చేస్తాడు? మీరు చెప్పిన ఆ సున్నితమైన నడిమి స్థితి వాడికి ఎవరూ చూపించలేదు. కడుపు బిగబట్టి 'బ్‌హ' అని గాలి నెట్టేస్తాడు. మెడ నరాలు పైకి తేలతాయి. అక్షరం రాదు, గొంతు మాత్రం అలిసిపోతుంది. దానికి తోడు తరగతిలో నవ్వు. ఒత్తు పలకలేని నోరు తక్కువ నోరనే భావం మన సమాజంలో ఎంత లోతుగా ఉందో మీకు తెలియంది కాదు. ఒత్తుల సమాసాలతో నిండిన పద్యం ఊపిరిని ఎంత తొందరగా ఖర్చు చేస్తుందో కూడా మీకు తెలుసు.

మాట పక్షం: ఆ నవ్వును నేను సమర్థించను. ఇంట్లో లేని ఒత్తును బడిలో బెత్తంతో రాబట్టడం తప్పు. 'బాస' అన్నవాడి గొంతు ఏ విధంగానూ తక్కువది కాదు. కాకపోతే ఆ పిల్లవాడే రేపు పౌరాణికంలో కృష్ణుడు కట్టాలనుకుంటే, వాడికి 'భ' నేర్పే మనిషి ఉండాలి. గాలి నెట్టడం ఎలాగో కాక వదలడం ఎలాగో చూపించే మనిషి. అలా నేర్పితే వాడికి గొంతును వదులు చేయడమే వస్తుంది. హల్లును చెడ్డగా నేర్పారు కాబట్టి హల్లు చెడ్డదంటే ఎలా?

గొంతు పక్షం: చెడ్డదనడం లేదు. ప్రమాదం ఎక్కడుందో చెబుతున్నాను. నాలుక మొదలు మెడలో గుర్రపు నాడా ఆకారంలో ఉండే హయాయిడ్ అనే చిన్న ఎముకకు అతుక్కుని ఉంటుంది. స్వరపేటిక వేలాడేది ఆ ఎముక నుంచే. నాలుకను బిగిస్తే ఎముక కదులుతుంది, ఎముకతోపాటు స్వరపేటిక పైకి లాగబడుతుంది. దవడ బిగిసినా అంతే. 'స్పష్టంగా పలుకు' అని గద్దిస్తే మనిషి మొదట చేసేది దవడ బిగించడం, నాలుకను కర్రలా చేయడం. పైనున్న ప్రతి హల్లూ స్ఫుటంగా వినబడుతుంది, కింద గొంతు నొక్కుకుపోతుంది. ఉపన్యాస పోటీలకు తయారైన పిల్లల్లో, కొత్తగా టీవీకి వచ్చిన యాంకర్లలో ఈ బిగువు వినబడుతూనే ఉంటుంది. అక్షరాలు మెరుస్తుంటాయి, గొంతు రేకు డబ్బాలా ఉంటుంది. నా రోగుల్లో కొందరికి జబ్బే ఇది. స్వరతంత్రులు చూస్తే శుభ్రంగా ఉంటాయి. చుట్టూ ఉన్న కండరాలు మాత్రం పట్టేసి ఉంటాయి.

మాట పక్షం: అమ్మా, ఇప్పుడు మీరు నా వాదాన్ని నాకంటే బాగా చెప్పారు! నాలుకా స్వరపేటికా ఒకే ఎముకను పట్టుకుని ఉన్నాయంటే హల్లు పలికే తీరు గొంతును మారుస్తుందని మీరే తేల్చేశారు. చెడుగా మార్చగలిగింది బాగుచేయలేదా? నాలుక కొన తేలిగ్గా తగిలి తేలిగ్గా విడిపోయే 'త', పెదవులు నొక్కకుండా తాకే 'ప', ఇవి వస్తే నాలుక మొదలు వదులవుతుంది. గొంతును నేరుగా వదులు చేయమంటే ఎవరికి చేతనవుతుంది? అది కంటికి కనబడదు, చేతికి అందదు. నాలుక కొన, పెదవి, పళ్ళు ప్రతివాడికీ తెలుస్తాయి. చేయి అందే చోటినుంచి పని మొదలుపెట్టాలి కదా!

గొంతు పక్షం: అందే చోటు అంటే నాకు ఊపిరి గుర్తొస్తుంది. అది కూడా అందరికీ తెలిసేదే.

మాట పక్షం: ఊపిరి అన్నారు కాబట్టి నిజం చెప్పండి, మీ దగ్గరికి వచ్చినవాళ్ళచేత మీరేం చేయిస్తారు? పెదవులు మూసి 'మ్...' అనమంటారు. పెదవులు ఆడించి 'బ్ర్ర్' అనమంటారు. నాలుక ఆడించి 'ర్ర్ర్' అనమంటారు. "మా అమ్మమ్మ మామిడి మొక్క నాటింది" లాంటి మకారాల వాక్యాలు చెప్పిస్తారు. ఇవన్నీ హల్లులే. గొంతుకు మందుగా మీరు ఇస్తున్నది నా సరుకే.

గొంతు పక్షం: సరుకు మీదే, పని మాత్రం వేరు. నోరు సగం మూసినప్పుడు పైన కాస్త ఒత్తిడి నిలిచి స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా కంపిస్తాయి. ఇంగో టిట్జీ వంటి స్వరశాస్త్రజ్ఞులు దీన్ని ఏళ్ళ తరబడి లెక్కగట్టారు. అదే పనికి మేం కూల్‌డ్రింకు తాగే స్ట్రా కూడా ఇస్తాం. స్ట్రా నోట్లో పెట్టుకుని శ్రుతి పట్టమంటాం. ఇంకో కొసను గ్లాసు నీళ్ళలో ముంచి బుడగలు వచ్చేలా 'ఊ' అనమంటాం. స్ట్రాలో ఏ హల్లుంది మాస్టారూ? గొంతుకు మేలు చేసేది సగం మూసిన దారి. మకారం, వకారం, రకారం ఆ దారిని ఇస్తాయి కాబట్టి వాడుకుంటాం. 'క', 'ట', 'ప' ఆ మేలు చేయవు. అనునాసికాల్లో ఇంకో చిక్కుంది. ముక్కు దారి తెరిస్తే ధ్వని కొంత అందులో ఇంకిపోతుంది. పెదవుల మీద మకారం గణగణలాడినట్టు పలికేవాడికి తోస్తుంది కానీ, దూరంగా కూర్చున్నవాడికి మకారం అచ్చుకంటే సన్నగానే చేరుతుంది.

మాట పక్షం: స్ట్రా మాట బాగుంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఒక్కటి తప్ప: స్ట్రా పెట్టుకుని ఎవరూ మాట్లాడలేరు. స్ట్రా నేర్పిన మెత్తదనాన్ని మాటలోకి తెచ్చేవి మళ్ళీ వకారమూ మకారమే.

గొంతు పక్షం: మీరు మర్చిపోయిన మీ బలాన్ని ఒకదాన్ని నేనే చెబుతాను. అచ్చుతో మొదలయ్యే మాటను గొంతు టక్కున మూసి తెరిచి మొదలుపెట్టే అలవాటు కొందరికి ఉంటుంది. రోజుకు కొన్ని వందలసార్లు అలా మొదలుపెడితే తంత్రులు దెబ్బతింటాయి. దానికి మేం హకారాన్ని వాడతాం. ముందు 'హ' గాలి వదిలి దానిమీద అచ్చును తేల్చమంటాం. మన పల్లెల్లో ఇలాంటి వైద్యమే ఎప్పటినుంచో ఉంది. 'ఎక్కడ' అనరు, 'యెక్కడ' అంటారు. 'ఒకటి' అనరు, 'వొకటి' అంటారు. పాత పుస్తకాల్లో అలాగే రాసేవారు కూడా. ఆ యకార, వకారాలు గొంతును కొట్టుకోనివ్వకుండా అచ్చులోకి జారుస్తాయి. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదవాలని పట్టుబట్టే కొత్త వార్తాచదువరుల నోట ఆ జారుడు పోయి, ప్రతి 'ఎ', ప్రతి 'ఒ' ముందూ గొంతు టక్కుమంటోంది. వాళ్ళకు పల్లె ఉచ్చారణ తప్పని నేర్పినవాళ్ళు వాళ్ళ గొంతుకు అన్యాయం చేశారు.

మాట పక్షం: ఇది మీరు చెప్పినందుకు సంతోషం. అయితే బడి గదిలోకి పదండి. అక్కడే మన వాదానికి అసలు పరీక్ష. అరవైమంది పిల్లలు, పైన ఫ్యాను మోత, కిటికీ అవతల రోడ్డు. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లొంబార్ 1911లో చెప్పాడు. టీచరమ్మ చేసేదీ అదే. పెంచి పెంచి ఏడాది చివరికి గొంతు పోగొట్టుకుంటుంది. పిల్లలకు అందనిది ఆమె శబ్దమా? 'ఆ', 'ఈ' అన్నీ అందుతాయి. అందనివి 'స', 'త', 'ప', 'క'. సకారం బలమంతా సెకనుకు 4,000 కంపనాల పైనుంటుంది. ఫోనులో 300 నుంచి 3,400 దాకానే పంపే పాత లైన్లలో సకారం సరిగా వినబడకపోవడానికి కారణం అదే. గొంతు పెంచితే అచ్చులు పెద్దవవుతాయి, ఆ చిన్న హల్లులు ఇంకా మునిగిపోతాయి. అరవకుండా నిదానంగా, ప్రతి హల్లుకూ దాని చోటు ఇచ్చి పలికితే తక్కువ గొంతుతో ఎక్కువ అర్థం చేరుతుంది. గొంతును కాపాడే మందు ఇంతకు మించి ఏముంది?

గొంతు పక్షం: ఆమె పడే శ్రమ ఎంతో లెక్క చెబుతాను. సెకనుకు 200 కంపనాల చొప్పున కేవలం ఒక గంటసేపు తంత్రులు కంపిస్తే 7,20,000 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. మగ మాస్టారికి ఆ గంటలో అయ్యేది నాలుగు లక్షల చిల్లర. గొంతు జబ్బులు ఆడ టీచర్లలో ఎక్కువగా కనబడటానికి ఇదొక కారణం. కాబట్టి అరవకుండా అర్థం చేర్చే ఏ దారైనా నాకు సమ్మతమే. నిదానం, స్పష్టత మేలు చేస్తాయి.

అయినా హల్లుల్లోనే అర్థమంతా ఉందనకండి. వాక్యాల్లోంచి ఒకసారి హల్లులను, ఒకసారి అచ్చులను తీసేసి వినిపించిన ప్రయోగాలు ఇంగ్లీషులో జరిగాయి. అచ్చులు మిగిలిన వాక్యాలే ఎక్కువగా అర్థమయ్యాయి. ఎందుకంటే పక్క హల్లుల జాడ అచ్చులో కూడా ఉంటుంది. చాలా మాటలను అచ్చుతో ముగించే తెలుగును ఆ అచ్చులే మోస్తున్నాయని నాకనిపిస్తుంది. ఆ టీచరమ్మకు నేను మొదట అడిగేది ఒక చిన్న మైకు. తర్వాత ఫ్యాను బాగుచేయించడం. ఉచ్చారణ పాఠం మూడోది.

మాట పక్షం: పక్క హల్లుల జాడ అచ్చులో ఉంటుందని మీరే అన్నారు. 'కల', 'కళ' తేడా చూడండి. నాలుక వెనక్కి మడిచే 'ళ' ముందున్న 'క'లోని అకారం కూడా రంగు మారుతుంది. మూర్ధన్యాలు నిండిన వాక్యం ఒక్కటి చదివితే గొంతే ముదురుగా వినబడుతుంది. గొంతు రంగు అంటే స్వరపేటిక ఒక్కటే కాదని, నాలుక, పెదవి, దవడ, అంగిలి ఎప్పుడూ ఉండే వాటం కూడా అందులో భాగమేనని జాన్ లేవర్ 1980లో పెద్ద పుస్తకం రాశాడు. మన చెవీ అదే చెబుతుంది. మనిషిని ఫోనులో రెండు మాటల్లో గుర్తుపడతాం. గుర్తుపట్టింది తంత్రుల్నేనా? వాడి 'ర'ను, వాడి 'స'ను, వాడి 'చ'ను కూడా కదా.

గొంతు పక్షం: మీరు లేవర్‌ను తెచ్చారు, నేను పార్కిన్సన్ రోగులను తెస్తాను. ఆ జబ్బులో గొంతు సన్నగిల్లుతుంది, హల్లులు కూడా కరిగిపోతాయి. 1980ల చివర్లో అమెరికాలో లొరేన్ రామిగ్, ఆమె తోటివాళ్ళు ఒక చికిత్స తయారుచేశారు. ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అంటారు. అందులో రోగికి హల్లుల పాఠం లేదు. గట్టిగా 'ఆ' అను, గట్టిగా మాట్లాడు, ధ్యాసంతా గొంతు మీదే. కొన్ని వారాలకు గొంతు పెరుగుతుంది. ఎవరూ నేర్పకపోయినా హల్లులు కూడా స్పష్టమవుతాయి. గొంతు బాగుపడితే హల్లు దానంతటది లేచి కూర్చుంది మాస్టారూ. హల్లు బాగుపడితే గొంతు అలా లేచిన దాఖలా మీరు చూపించగలరా?

మాట పక్షం: అది జబ్బు మనిషి సంగతి. కానీ మీ ప్రశ్న బలమైనదే, దాన్ని పక్కన పెట్టను. దానికి ఎదురుగా ఇంకో రోగిని చూడండి. క్యాన్సర్ వల్ల స్వరపేటికే తీసేసినవాళ్ళున్నారు. మెడకు చిన్న మిషను ఆనించి మాట్లాడతారు. అది ఇచ్చేది ఒక్కటే రకం జుమ్మనే మోత. ఆ మోతను నాలుకా, పెదవులూ మాటగా చేస్తాయి. ఉచ్చారణ బాగున్న మనిషి ఆ మిషనుతో కూడా తన ఊరి యాసలో, తన తీరులో మాట్లాడతాడు. తంత్రులు లేకపోయినా మనిషి మిగిలాడు.

గొంతు పక్షం: మనిషి మిగిలాడు, మాట మిగిలింది. ఇంట్లోవాళ్ళను అడగండి. "ఆయన గొంతు మళ్ళీ వినలేదు" అంటారు. ఆయన యాస విన్నా, ఆయన మాట తీరు విన్నా, ఆ మాటే అంటారు. అక్కడే నా పక్షం ఉంది.

మాట పక్షం: దానికి బదులివ్వడం కష్టం. ఆ ఇంటివాళ్ళ ముందు నేనూ వాదించను.

రంగస్థలం సంగతికొస్తే, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటకాలవాళ్ళకు అప్పట్లో మైకు లేదు. చివరి వరసలో కూర్చున్న రైతుకు మాట చేరాలి. ద్విత్వం మీద నిలిచి, పరుషాన్ని విడిగా విసిరి చేర్చాలి. 'చెప్ప', 'కట్ట', 'అక్క' అన్నప్పుడు ఆ మూసివేత క్షణంలో తంత్రులు కంపించవు, నటుడి గొంతు విశ్రాంతి తీసుకుంటుంది. రాత్రంతా ఆడే నాటకంలో ఆ చిన్న విశ్రాంతుల మొత్తం తక్కువేమీ కాదు.

గొంతు పక్షం: పరుష ద్విత్వంలో విశ్రాంతి ఉంది. 'అబ్బ', 'గడ్డ', 'సిగ్గు'లో లేదు. అక్కడ స్వరపేటిక ప్రతిసారీ సర్దుకోవాల్సిందేనని మొదట్లో మీరే అన్నారు. అయినా ఆ రాత్రి జనం వన్స్‌మోర్ కొట్టింది పరుషాలకా, పద్యం చివర సాగిన అచ్చుకా? ఈలపాట రఘురామయ్య రాగం తీస్తే పందిరి మొత్తం ఊపిరి బిగబట్టేది.

మాట పక్షం: రఘురామయ్య కృష్ణుడికి వన్స్‌మోర్ పడింది, నిజమే. రాగం కంటే అర్థానికి పెద్దపీట వేసిన పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడికీ పడింది. ఆ రాయబారం అర్థమై కొట్టారు. ఇద్దరినీ తెలుగు నాటకం మోసింది. మైకు వచ్చాక ఇద్దరి దారీ మారింది. మైకుకు దగ్గరగా నిలబడి 'ప', 'భ' గట్టిగా అంటే గాలి పేలుతుంది, సకారం చెవిని గీరుతుంది. అందుకే స్టూడియోలో మైకుకు కాస్త పక్కగా మాట్లాడమంటారు, ముందు తెర పెడతారు. హల్లును మెత్తబరచమన్నారు సరే, క్రమంగా హల్లునే మానేశారు. ఇప్పుడు సినిమాల్లో గుసగుసే సహజమని నమ్మే నటులున్నారు. మైకు గొంతును పెంచగలదు కానీ పలకని హల్లును పలికించలేదు.

గొంతు పక్షం: పలకని హల్లును నేనూ కాపాడను. పాణినీయ శిక్షలో ఆడపులి పోలిక ఉంది కదా. కూనలను కోరలతో పట్టి తీసుకువెళ్ళేటప్పుడు జారిపోకూడదు, కోర దిగబడకూడదు, అక్షరాలను అలా పలకమంటుంది. మీరు 'జారిపోకూడదు' దగ్గర నిలబడ్డారు, నేను 'కోర దిగకూడదు' దగ్గర. అదే శిక్ష అధమంగా చదివేవాళ్ళ జాబితాలో బలహీనమైన కంఠం ఉన్నవాణ్ణి కూడా చేర్చింది. కంఠాన్ని మొదట చూడమనడానికి నాకు అది చాలు.

మాట పక్షం: ఉచ్చారణకే ఒక శాస్త్రం పెట్టి, అక్షరాలు పుట్టే చోట్లన్నీ లెక్కపెట్టిన గ్రంథం అది. అందులోంచి ఒక్క మాట తీసుకుని మీరు గెలవలేరు. నేను మళ్ళీ అంటున్నాను, ఆరోగ్యంగా ఉన్న గొంతుకు మొదటి పాఠం హల్లే.

గొంతు పక్షం: 'ఆరోగ్యంగా ఉన్న' అన్నారు చూడండి, నేను అడిగేది ఆ ఒక్క మాట గురించే. అది ముందు తేల్చుకోవాలి. పాఠాలు చెప్పే టీచర్లు, మంత్రం చదివే పురోహితులు, సంతలో కేకలు వేసి అమ్మేవాళ్ళు, ఎన్నికల్లో తిరిగే కార్యకర్తలు, ఎవరైనా సరే, గొంతు బొంగురు మూడు నాలుగు వారాలకు మించి తగ్గకపోతే ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళి స్వరపేటికను చూపించుకోండి. పొగ తాగేవాళ్ళు అన్నాళ్ళు కూడా ఆగొద్దు. ఆ పరీక్షకు కొన్ని నిమిషాలు చాలు. మాస్టారి సాధనైనా నా సాధనైనా ఆ తర్వాతే మొదలుపెట్టండి.